గణపతిరావు గారి నలభై ఒక్క డైమండ్లు

గణపతిరావు గారికి ఉన్నది ఒకటే జబ్బు. ఎక్కడ ఏ పని జరుగుతున్నా, "ఇక్కడ నిర్ణయం ఎవరిది?" అని అడగకుండా ఉండలేరు.

ఈశ్వరి ఆయన్ని మొదటిసారి చూసింది పాతపట్నం బస్టాండులో. ఎచ్చెర్లలో ఎంబీఏ చదివి, ఊరవతల జీడిపప్పు ఫ్యాక్టరీలో ఆరోజే ఉద్యోగంలో చేరబోతోంది. బస్సు మెట్టు మీద ఒక పెద్దమనిషి నిలబడి, బస్సు ఎప్పుడు కదలాలో నిర్ణయించేది ఎవరని డ్రైవర్ని అడుగుతున్నారు. డ్రైవరు కండక్టర్ని చూపించాడు. కండక్టరు డిపో మేనేజర్ని అడగమన్నాడు. సరేనని ఆయన కిందికి దిగి డిపో ఎటువైపని ఆరా తీస్తుంటే, ఆయన్నీ, ఆయన వెనక ఎక్కబోతున్న ఈశ్వరినీ వదిలేసి బస్సు వెళ్లిపోయింది. ఆటోలో ఆయన పక్కన కూర్చున్నాక తెలిసింది ఈశ్వరికి, ఫ్యాక్టరీలో ఆఫీసు వ్యవహారాలు చూసే తన పై అధికారి ఈయనేనని.

ఇంట్లో మాత్రం ఆ ప్రశ్న కొంచెం మెల్లగా అడుగుతారట. ఒకసారి భోజనాల వేళ కూర ఏం వండాలన్నది ఎవరి నిర్ణయమని అడిగితే, భార్య పద్మకుమారి గారు, వండడం తన నిర్ణయమనీ, తినడమా మానడమా అన్నది ఆయన నిర్ణయమనీ చెప్పి కంచం ముందు పెట్టారట. ఈ సంగతి ఆవిడే ఈశ్వరికి చెప్పారు.

ఫ్యాక్టరీకి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఏ పెట్టెలో పప్పుని ఎవరు బాగుందన్నారో పేరుతో సహా చెప్పాలని విదేశాల్లో కొనేవాళ్లు పట్టుబట్టడంతో, యజమాని జగన్నాధం గారు తెప్పించారు. జీడిపిక్కలు లోపలికి వచ్చిన దగ్గర్నుంచి పప్పు లారీ ఎక్కేదాకా ఏ పని తర్వాత ఏది జరుగుతుందో ముందు దానికి పటం గీసి చూపించాలి. పనికి డబ్బా, నిర్ణయానికి డైమండు ఆకారపు గడి. విశాఖ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్లు మేనేజర్ గదిలో కూర్చుని ఒక్కపూటలో గీసేశారు. పద్నాలుగు డబ్బాలు, నాలుగు డైమండ్లు. నాలుగింట్లోనూ మేనేజరు పేరే.

గణపతిరావు గారు దాన్ని రెండుసార్లు చూసి, బొమ్మ బాగుందనీ, ఇది మన ఫ్యాక్టరీ మాత్రం కాదనీ అన్నారు. ఒక స్టూలు, ఒక నోటుపుస్తకం పట్టుకుని షెడ్డులోకి నడిచారు. ల్యాప్‌టాప్ పట్టుకుని వెనకాలే ఈశ్వరి. అలా మూడు వారాలు.

డ్రైయర్ దగ్గర ఉండేది అసిరమ్మ. ట్రే బయటికి రాగానే గుప్పెడు పప్పు తీసి, ఒక గింజని బొటనవేలితో నలిపి చూస్తుంది. తర్వాత ట్రేని ముందుకి తోస్తుంది, లేకపోతే వెనక్కి. గణపతిరావు గారు స్టూలు దగ్గరికి లాక్కున్నారు.

"ఇక్కడ నిర్ణయం ఎవరిది?"

"నిర్ణయమేటి బాబూ. పొట్టు ఊడితే ముందుకి పంపుతాను. ఊడకపోతే ఎనక్కి తోసేస్తాను."

"మేనేజర్ని అడగవా?"

"ఆయనకేటి తెలుస్తాది?"

గణపతిరావు గారు ఈశ్వరి వైపు తిరిగి డైమండు పెట్టమన్నారు. మాడిన గింజని తెల్లగింజల్లోంచి ఏరే లక్ష్మణమ్మ దగ్గర ఇంకొకటి పెట్టించారు. ఇది బద్దా, ముక్కా అని తేల్చే చోట మరొకటి. తెర మీద ఆ ఆకారాలు చూసి ఆడవాళ్లు వాటికి బర్ఫీలని పేరు పెట్టారు. అప్పట్నుంచి రోజూ పొద్దున్న ఈశ్వరి షెడ్డులో అడుగుపెట్టగానే, ఇయాల ఎన్ని బర్ఫీలు పెడతారని అడిగేవాళ్లు. లెక్క నలభై ఒకటికి చేరింది.

ఈ పటం చూస్తే అందరూ నవ్వుతారని ఈశ్వరికి బెంగ పట్టుకుంది. పెద్దాయన పరువు కాపాడదామని, తనే ఒక పూట కూర్చుని ముప్ఫై మూడు డైమండ్లు తీసేసి, నీటుగా మరో పటం చేసింది. గణపతిరావు గారు దాన్ని శ్రద్ధగా చూశారు. కోప్పడలేదు.

"బాగుందమ్మా. ఇందులో అసిరమ్మ ఏదీ?"

ఈశ్వరి వెతికింది. తన పటంలో అసిరమ్మ లేదు. ఆ తీసేసిన ముప్ఫై మూడూ పదకొండుమంది ఆడవాళ్లవని అప్పుడే చూసుకుంది. పాత పటమే మళ్లీ తెరిచింది.

జగన్నాధం గారు చూసి, ఇది ఫ్యాక్టరీయా, మిఠాయి కొట్టా అని అడిగారు. ఉన్నదే గీశానని గణపతిరావు గారు విన్నవించారు. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. పటాన్ని సాఫ్ట్‌వేర్‌కి ఎక్కిస్తే ఆ ముప్ఫై మూడు డైమండ్లూ ఎర్రబడ్డాయి. నిర్ణయం తీసుకునే మనిషి ఉద్యోగి నంబరు ఇస్తేగాని ముందుకు కదలనంది. పదకొండుమందిలో ఒక్కరికీ నంబరు లేదు. అందరూ రోజుకూలీలే. కొనేవాళ్ల తనిఖీ చూస్తే నాలుగు రోజుల్లో ఉంది.

"అన్నింటికీ నా నంబరెట్టెయ్యవయ్యా," అన్నారు జగన్నాధం గారు.

గణపతిరావు గారు అక్కడికక్కడే పెట్టేశారు.

మర్నాడు సాఫ్ట్‌వేర్‌ని పరీక్షగా నడిపించారు. జగన్నాధం గారు బంధువుల గృహప్రవేశానికి టెక్కలి వెళ్లారు. సత్యనారాయణ వ్రతం మొదటి కథలో ఉండగా ఫోనులో సాఫ్ట్‌వేర్ మొదటి ప్రశ్న మోగింది. ఒకటో ట్రేలో పొట్టు ఊడుతోందా, అవునా కాదా? ఆయన అవునని నొక్కారు. రెండో ట్రే. మూడో ట్రే. ఈ గింజ మాడిందా? ఇది బద్దా, ముక్కా? ప్రసాదం పంచేసరికి రెండొందల అరవై ప్రశ్నలొచ్చాయి. అన్నింటికీ ఆయన అవునే నొక్కారు. ఇక్కడ షెడ్డులో, సరిగా ఆరని పప్పు ట్రేలకి ట్రేలు పొట్టు తీసే బల్లల మీదికి వచ్చి పడుతోంది. అంటుకున్న పొట్టు గీకబోతే గుండు పప్పు ముక్కలైపోతోంది. అసిరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

సాయంత్రం జగన్నాధం గారు నేరుగా షెడ్డులోకి వచ్చారు. ముక్కల గుట్ట చూశారు. ఫోను జేబులోంచి తీసి బల్ల మీద పెట్టేశారు.

"ఏటయ్యా ఇది?"

"తమరి నంబరే పెట్టేనండి. ఇప్పుడు నిర్ణయాలన్నీ తమరివే."

అసిరమ్మ పనిలో చేరి ఎన్నాళ్లయిందని జగన్నాధం గారు అడిగారు. పంతొమ్మిదేళ్లని చెప్పారు గణపతిరావు గారు. తనిఖీ లోపే పదకొండుమందికీ నంబర్లొచ్చాయి. నంబరుతో పాటు మెడలో కార్డు, ఆసుపత్రి కార్డు, ఏడాదికి ఇన్నని సెలవులు. నలభై ఒక్క డైమండ్లూ ఆకుపచ్చగా మారాయి. తనిఖీకి వచ్చినవాళ్లు పటాన్ని ఫొటో తీసుకుని మరీ వెళ్లారు.

తర్వాత ఎప్పుడో, సెట్టింగుల్లో వేరే పని చూస్తుంటే ఈశ్వరి కంట ఒక గడి పడింది. డైమండుకి ఉద్యోగి నంబరు తప్పనిసరి అన్న షరతు సాఫ్ట్‌వేర్‌ది కానే కాదు. కావాలంటే టిక్కు పెట్టుకోవచ్చు, లేకపోతే మానొచ్చు. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో పక్కనే రాసుంది. గణపతిరావు. మూడు వారాల షెడ్డు కాపురం మొదలుపెట్టిన రోజు, ఉదయం తొమ్మిదింటికి.

ఎదురు బల్ల దగ్గర ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నారు. ఈశ్వరి తెర మీద ఆ పేజీ మూసేసింది. ఎవరితోనూ అనలేదు.

ఆ నెలాఖరున అసిరమ్మ ఆఫీసు గదికి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడిపోతే ఈశ్వరి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టింది. ఒక రోజు సెలవు కావాలంది. ఈశ్వరి తెర మీద సెలవు ఫారం తెరిచి, పేరూ నంబరూ కొట్టి, కారణం దగ్గర ఆగింది.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నాదమ్మా."

"ఊరెళ్తున్నావా?"

"నేదు. సెలవంటే ఎలగుంటాదో సూద్దామని."

ఈశ్వరి ఆ మాటే అక్షరం పొల్లుపోకుండా కొట్టి గణపతిరావు గారికి పంపింది. పది నిమిషాల్లో మంజూరై తిరిగొచ్చింది, ఒక రోజు అడిగితే రెండు రోజులకి.