గంగారాం సమ్మతి

కొవిడ్ ఆంక్షలు తొలగిన తర్వాతి చలికాలంలో దోహాలోని ఒక నిర్మాణ సంస్థలో న్యాయ సలహాదారుగా చేరాను. అంతకుముందు అమెరికాలో అటార్నీగా పనిచేస్తూ, ఒక రాష్ట్ర శాసనసభలో రెండు దఫాలు సభ్యురాలిగా ఉన్నాను. అక్కడ చాలా రాష్ట్రాల్లో సభ ఏడాదికి కొన్ని నెలలే నడుస్తుంది. మిగతా కాలం సభ్యులు తమ వృత్తి చేసుకుంటారు. మూడోసారి పోటీచేసి ఓడిపోయాక ఈ ఉద్యోగం వచ్చింది. ఖతార్ కోర్టుల్లో మాలాంటి విదేశీయులు వాదించరు. పత్రాలు రాయడం, సంతకాలు చేయించడం వరకే నా పని.

అలాంటి పని మీదే ఒకరోజు ఆసుపత్రికి వెళ్లాను. మెసయీద్‌లో మా సైటులో పనిచేసే గంగారాం కొన్ని వారాల కిందట పక్షవాతంతో పడిపోయాడు. కుడిపక్క చచ్చుబడింది, మాట పోయింది. నిర్మల్ దగ్గరి పల్లె అతనిది. విమానంలో పంపవచ్చని డాక్టర్లు చెప్పారు. స్ట్రెచర్, వెంట నర్సు, అన్నీ కంపెనీ సిద్ధం చేసింది. సమ్మతి పత్రం మీద రోగి వేలిముద్ర ఒక్కటే మిగిలింది.

కార్మికుల క్యాంపులో అతనితో ఒకే గదిలో ఉండే మల్లేశ్ మంచం పక్కన నిలబడ్డాడు. "వానికి అన్నీ సమజైతయి మేడం. మాటొక్కటే రాదు" అన్నాడు.

నేను వరంగల్‌లో పెరిగినదాన్ని. "గంగారాం, ఇంటికి పోతవా? పోతనంటే నా చెయ్యి ఒత్తు" అన్నాను. ఒత్తలేదు. మళ్లీ అడిగాను. ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకొని గాజును అటూ ఇటూ తిప్పాడు. కళ్లలో నీళ్లు.

ఊరికి పంపుతామంటే వద్దనేదెవరు, వేలిముద్ర వేయించేద్దామని వెంట వచ్చిన మేనేజరు తొందరపెట్టాడు. అమెరికాలో నేనున్న శాసనసభలో ఏ బిల్లయినా ముందు కమిటీ విచారణ దాటాలి, ఆ తర్వాతే సభలో ఓటు. మాట్లాడలేని రోగుల సమ్మతి గురించిన బిల్లు ఒకటి అప్పట్లో మా కమిటీకి వచ్చింది. 'సమ్మతి' అన్న మాటకు నిర్వచనం కోసం వారాల తరబడి వాదించుకున్నాం. ఆ వాదనలేవీ ఇప్పుడు నాకు దారి చూపలేదు.

మల్లేశే చెప్పాడు. "గాజు పట్టుకున్నడంటే లస్మి గురించి అడుగుతుండు మేడం. వాని పెండ్లాం. ఈడనే దోహల, అల్ హిలాల్‌ల ఒక ఖతారీ ఇంట్ల పని చేస్తది. శుక్రారం శుక్రారం వచ్చి చూసిపోతది."

శుక్రవారం మా ఆఫీసుకు సెలవు. అందుకే ఆమె మాకెవరికీ కనబడలేదు. కంపెనీ రికార్డుల్లో ఆమె ఇంకా ఊళ్లోనే ఉంది. భర్తను పంపేస్తే ఆమె ఇక్కడ, అతను అక్కడ. వేలిముద్ర ఇప్పుడు కుదరదని మేనేజరుకు చెప్పి అల్ హిలాల్ వెళ్లాను.

వచ్చిన పని చెప్పగానే లక్ష్మి గుమ్మంలోనే నా చేయి పట్టుకుంది. ఇంటి యజమానురాలు చక్రాల కుర్చీలో తిరిగే ముసలావిడ. లక్ష్మి ఆమెను 'మామా' అనేది, అరబ్బీలో అమ్మ అని. "మామాకు ఎట్ల చెప్పాలె మేడం? నేను లేకుంటే మంచం దిగలేదు. ఆయనేమో అట్ల పడున్నడు" అని ఏడ్చింది.

నేను ఇంగ్లీషులో చెప్పినదాన్ని ముసలావిడ కొడుకు తల్లికి అరబ్బీలో వినిపించాడు. ఆమె లక్ష్మి చెంగు పట్టుకొని కూర్చుంది. చివరికి బయటికి వెళ్లేటప్పుడు వేసుకునే తన నల్ల అబాయా తెమ్మంది. గంగారాంను చూస్తానంది.

ఆసుపత్రిలో ఆమె కుర్చీ మంచానికి ఆనించాం. గంగారాం నుదుటి మీద చేయి పెట్టి ఆమె మెల్లగా ఏదో అంది. లక్ష్మి భర్త చెవి దగ్గర వంగి చెప్పింది: "నన్ను నీతోని పొమ్మంటుంది. పోదామా?"

నేను మళ్లీ అడిగాను. ఈసారి నా వేళ్లు నొప్పి పుట్టేలా ఒత్తాడు.

భార్య అదే విమానంలో వెంట వెళ్లాలనే షరతు పత్రంలో చేర్చి అతని వేలిముద్ర వేయించాను. మేనేజరు గొణిగాడు కానీ టికెట్ కొన్నాడు. కొన్నాళ్లకు లక్ష్మి పంపిన వాయిస్ మెసేజ్‌ను మల్లేశ్ నాకు వినిపించాడు. గంగారాం గోడ పట్టుకొని నడుస్తున్నాడట. మామా రోజూ ఫోన్ చేస్తుందట.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా ఎవరి దగ్గరికి సంతకానికి వెళ్లినా, 'ఒప్పుకుంటారా' అనేముందు 'మీవాళ్లెవరు, ఎక్కడున్నారు' అని అడిగాను. ఏ సమ్మతి పత్రంలోనూ ఆ ప్రశ్నకు గడి ఉండదు. న్యాయవాదే అడగాలి.