నిప్పుకోడి గుడ్డు

రాజోలు దగ్గర గోదారి లంకలో ఎలీసమ్మ కోళ్ల కింద బాతుగుడ్లు పెట్టి పొదిగించేది. గుడ్లు ఊళ్లోవాళ్లవి, కోళ్లు ఆవిడవి. గుడ్లలోంచి దిగిన పిల్లల్లో నాలుగోవంతు ఆవిడకి. అదే బతుకు. ఎనభైమూడులో వరసగా రెండు పొదుగులు మురిగిపోయాయి. ఎలీసమ్మ చెయ్యి చల్లబడిందన్నారు. ఆ తరవాత గుడ్లు తెచ్చినవాడు లేడు.

ఆ చలికాలం చెల్లెలి కొడుకు ప్రకాశరావు మస్కట్ నుంచి కొబ్బరికాయంత గుడ్డొకటి తువ్వాల్లో చుట్టుకొచ్చాడు.

"నిప్పుకోడిది దొడ్డమ్మా. పచ్చిదేనన్నాడు కొట్టువాడు. దీన్ని దింపేవంటే మండపేట నుంచి కూడా వస్తారు గుడ్లట్టుకుని."

చదువుకున్నవాళ్లు ఈ పక్షినే ఉష్ట్రపక్షి అంటారు. ఉష్ట్రమంటే ఒంటె. పారసీకుల మాటకీ ఒంటెకోడి అనే అర్థం. మనకి ఒంటెలతో పనేముంది? అందుకే కాబోలు పొయ్యిలో నిప్పుని అంటగట్టాం. అది కాలే బొగ్గులు మింగి అరిగించుకుంటుందని చాలా దేశాల్లో నమ్మారు. చూసినవాడు మటుకు ఎక్కడా దొరకడు.

సాయంత్రానికి వాకిలి నిండిపోయింది. ముందు నిలబడ్డది సత్తియ్య. మురిగిన రెండు పొదుగులూ ఆయన గుడ్లే.

"బాతుల్ని దింపలేకపోయేరు, గుర్రమంత కోడిని దింపుతారాండీ ఎలీసమ్మగారూ?"

"ఎందుకు దింపదండీ?" అన్నాడు ప్రకాశరావు.

ప్రకాశరావు గుడ్డు చేతిలో పెట్టగానే ఎలీసమ్మకి తెలిసిపోయింది. బరువు లేదు, ఒట్టి డొల్ల. చెబితే పిల్లాడికి నలుగురిలో తలవంపులు. చెప్పకపోతే మూడో పొదుగూ మురిగిందంటారు. అసలు సత్తియ్య గుడ్లు పాతవని అప్పుడే ఎండకి పట్టి చూసింది. ఇంటికొచ్చిన మనిషితో మీ గుడ్లు పనికిరావని ఎలా అంటాం? ఏమీ అనకుండా పెట్టేసింది. పోయింది తన పేరు.

గుడ్డు తిరగేసి, అడుగున మైనంతో పూడ్చిన చిల్లు చూపించింది.

"ఇందులో ఏం లేదు నాయనా. ఎప్పుడో తోడేసేరు."

ప్రకాశరావు మొహం వాడిపోయింది. సత్తియ్య నవ్వబోయాడు.

"మీవీ పాతవేనండి సత్తియ్యగారూ. మొహమాటపడి పెట్టేను."

సత్తియ్య చుట్ట ఆర్పి, మళ్లీ వెలిగించుకున్నాడు.

"ఆ మాట అప్పుడే అనాలి కదండీ."

"ఆయ్. అనాల్సిందేనండి."

మర్నాడు పొద్దున్నే సత్తియ్య పద్నాలుగు బాతుగుడ్లు తెచ్చాడు. ఎలీసమ్మ కాగితం గొట్టంలా చుట్టి, ఒక్కొక్కటీ ఎండకి పట్టి చూసింది. నాలుగు పక్కన పెట్టింది.

"ఇవి కూరొండుకోండి."

"ఆయ్," అని బుట్టలో వేసుకున్నాడాయన.

ఇరవై ఎనిమిదో రోజుకి పదింట్లో తొమ్మిది దిగాయి. ప్రకాశరావు వెళ్లేముందు డొల్లని రంపంతో రెండు చెక్కలుగా కోసి, వాకిట్లో నీళ్లు పోసి పెట్టాడు. బాతుపిల్లలు నిప్పుకోడి డొల్లలో ముక్కులు ముంచి, తల్లికోడి ఎంత అరిచినా వినకుండా పక్కనున్న బోదెకాలవలోకి దిగిపోయాయి. అప్పటికే పక్కింటి సువర్ణ కొంగులో గుడ్లు పోసుకుని దడి దగ్గర నిలబడి ఉంది.

"కాస్త చూసిపెట్టండి దొడ్డమ్మగారూ."

"చూస్తాను. ఉన్నమాట చెబుతాను మరి," అంది ఎలీసమ్మ, కాగితం చుడుతూ.