రాణివేషానికి మొలిచిన మొటిమలు

అద్దాలు ఊరికి ఒకటో రెండో ఉన్న ఆ కాలంలో మొటిమ అనేది ఎవరి సొంత విషయమూ కాదు, ఊరుమ్మడి వ్యవహారం. ఇప్పటి పిల్లలు తలుపు గడియ పెట్టుకుని, అద్దం ముందు నిలబడి, తమ మొటిమలను తామే చూసుకుని తామే దిగులుపడతారు. మాకు ఆ అదృష్టం లేదు. పొద్దున బయల్దేరితే ఎండ ముదిరేలోపు పాన్‌గల్ చేరుకోగలిగేంత దూరంలో ఉన్న మా ఊళ్లో ఉన్నవి రెండే అద్దాలు. ఒకటి పటేలు గారింట్లో, ఇంకొకటి మంగలి పెట్టెలో. కాబట్టి నా ముఖం మీద ఏం మొలిచిందో నాకంటే ముందు బావి దగ్గర నీళ్లు చేదే ఆడవాళ్లకు తెలిసేది. "ఏందిరో, గదుమ కింద ఇంకోటి లేసింది" అని ఒకావిడ కబురు చెబితే, "గది కాదు, నిన్నటిది పండింది సూడు" అని ఇంకొకావిడ సరిదిద్దేది. వానల గురించీ జొన్నల గురించీ మాట్లాడుకున్నట్టే నా చెంపల గురించీ మాట్లాడుకునేవాళ్లు.

మామూలు రోజుల్లో అయితే నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి. కానీ ఆ ఎండాకాలం నేను రాణిని. మా వైపు పంటలు ఇంటికి చేరాక, మళ్లీ చినుకు పడేలోపు, ఊరి రైతులే బాగోతం నేర్చుకుని ఆడే అలవాటుండేది. అందుకోసం ఒక పంతులును పిలిపించుకునేవాళ్లు. ఆయన ఊళ్లో మకాం పెట్టి పాటలూ అడుగులూ నేర్పి, ఆట ఆడించి, ధాన్యం బండికెత్తించుకుని పోయేవాడు. మాకు వచ్చిన పంతులుది అలంపురం వైపు. మనిషి బక్కగా ఉన్నా గొంతు మాత్రం ఊరవతలికి వినపడేది. ఆడవేషాలు కూడా మగపిల్లలే కట్టాలి కదా, ఆయన వచ్చీ రాగానే కుర్రాళ్లందరినీ వరసగా నిలబెట్టి, సంతలో కోడెలను చూసినట్టు గదుమలు పట్టి పైకెత్తి చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు. "రాణివేషం గీ పిలగానికి. మొఖం వెన్నముద్ద లెక్కనున్నది" అన్నాడు. అప్పుడు నాకు పదిహేనేళ్లు. ఆ మాట విన్నాక నా కాళ్లు నేలమీద ఆనలేదు. ఎద్దులకు కుడితి పెట్టడానికి పోయినా రాణి నడకే. ("పొల్లగాని కాలు గిట్ల బెణికిందా?" అని మా నాయన అమ్మను అడిగాడట.)

వెన్నముద్ద ఎంతో కాలం నిలవలేదు. పాటలు సగం వచ్చేసరికి మొటిమలు నుదుటి మీద మొదలై, చెంపలకు దిగి, గదుమ దాకా పాకాయి. పంతులు కొన్నాళ్లు చూసీ చూడనట్టున్నాడు. చివరికొక సాయంత్రం అందరి ముందూ తాళాలు ఆపి, "రాణికి గిన్ని గడ్డలుంటె రాజు యుద్ధానికి పోతడా, దవాఖానకు పోతడా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే బాగుండదని. కానీ ఆయన అంతటితో వదల్లేదు. వేషానికి ముఖమంతా అర్దళం పూస్తారు, పచ్చటి రాయిని అరగదీసి చేసే రంగు అది. "గీ గుట్టల మీద అర్దళం నిలువదు. దివిటీల వెలుగుకు ఒక్కొక్కటి ఊరంత కనిపిస్తది. ఆట నాటికి మొఖం సాపు కాకుంటె వేషం మీ బావకిస్త" అని తేల్చి చెప్పాడు.

బావ అంటే మా మేనమామ కొడుకు. అప్పటికి చెలికత్తె వేషంలో ఉన్నాడు. వాడి ముఖం మీద మొటిమ సంగతి దేవుడెరుగు, చెమట చుక్క కూడా నిలిచేది కాదు, అంత నున్నన. ఇంటికి పోతూ నేను ఏడ్చాను. ఒక వేషం కోసం ఏడవడమేమిటని మీకు నవ్వు రావచ్చు. మా అన్న మోట కొడితే నాయన మురిసిపోయి చూసేవాడు. మా తమ్ముడు లెక్క చెబితే బడిపంతులు భుజం తట్టేవాడు. నడిమి వాడినైన నాకు ఫలానాది బాగా వచ్చునని అంతవరకూ ఎవరూ అనలేదు. మొదటిసారి ఒక మనిషి అన్నాడు, ఆ మాటను నా ముఖమే చెడగొడుతోంది.

ఇక వైద్యం మొదలైంది. మా నాయన ఒక్క చూపు చూసి "వేడి చేసింది" అని చెప్పి ఆముదం తాగించాడు. (మా మెట్టచేలల్లో ఆముదానికి ఎన్నడూ కరువు లేదు. కాలు నొచ్చినా, చెవి పోటెత్తినా, బుద్ధి మందగించినా మా ఇంట్లో అదే మందు.) మొటిమలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నేను మాత్రం ఆ రెండు రోజులూ బాగోతం వదిలేసి చెంబు పట్టుకుని చేను గట్టునే ఉండిపోయాను. ఆ తర్వాత పక్కింటి దర్జీ గారి భార్య, మేమంతా ఖాలా అని పిలిచే ఆమె, గోడ మీదుగా చూసి జాలిపడింది. "పరేషాన్ కాకు బేటా. ముల్తాన్ మట్టి, గులాబ్ నీళ్లు పెడ్త. నా నిఖాకు మా అమ్మీ గదే పెట్టింది" అని వనపర్తి నుంచి తెప్పించి మరీ పూసింది. అది చల్లగా బాగానే ఉంది. కానీ దాని మానాన దాన్ని పని చేయనిస్తే కదా. శనగపిండి ఒకరు, నిమ్మకాయ ఒకరు, పసుపు ఒకరు, దారిన పోయేవాళ్లంతా ఏదో ఒకటి చెప్పారు, నేను అన్నీ పూసుకున్నాను. పూతకూ పూతకూ మధ్య తీరిక దొరికితే గిల్లుకునేవాణ్ణి. నాకు తీరిక లేకపోతే మా అన్న గిల్లేవాడు.

వీటన్నిటికీ పైన బావ వైద్యం ఒకటి. బావి దగ్గర నన్ను పక్కకు పిలిచి, చాలా గంభీరంగా, "బావా, మీ అవ్వ రాగిబిందె దేనితోటి తోముతది?" అని అడిగాడు. చింతపండు, ఉప్పు అన్నాను. "తోమినంక ఎట్లుంటది?" తళతళ మెరుస్తుందన్నాను. "మరి?" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ "మరి" నా బుర్రలో తిరిగి తిరిగి, మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నప్పుడు పెరట్లో చేరి, చింతపండూ ఉప్పూ కలిపి, బీరపీచు తీసుకుని ముఖాన్ని బిందెను తోమినట్టు తోమాను. మంట పుట్టింది. మంట పుడితే పని చేస్తున్నట్టని ఇంకాస్త తోమాను. (బావ కుళ్లుతో చెప్పాడో, ప్రేమతో చెప్పాడో నాకు నేటికీ తెలియదు. అడిగితే వాడు ముసలివాడయ్యాక కూడా నవ్వేవాడే తప్ప చెప్పేవాడు కాదు.)

సాయంత్రానికి ముఖం ఎర్రగా ఉబ్బి, కళ్లు చిన్నవైపోయి, మొటిమలన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. అమ్మ చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు మా అవ్వ, నాయన తల్లి, లోపలి నుంచి వచ్చింది. అవ్వ ముఖం నిండా స్ఫోటకం మచ్చలుండేవి. చిన్నప్పుడెప్పుడో అమ్మవారు పోసి బతికిందట. ఆ తర్వాత అదే అమ్మవారు ఆమె తొలిచూలు బిడ్డను తీసుకుపోయిందట. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. అవ్వ నా గదుమ పట్టి వెలుతురుకు తిప్పి చాలాసేపు చూసింది. బయటికి పోయి వేపకొమ్మ విరుచుకొచ్చి గడపకు కట్టింది. "ఇంట్లకు అమ్మతల్లి వచ్చింది. ఎవ్వరు పిల్లగాని దగ్గరికి రావొద్దు, ఎవ్వరు తాకొద్దు" అని చెప్పింది.

క్షణంలో ఇల్లు మారిపోయింది. పొయ్యి మీద తాలింపు బందైంది, నూనె చుక్క కనబడలేదు. వేపాకు పరిచిన మంచం మీద నన్ను పడుకోబెట్టారు. తినడానికి సల్ల పోసిన అంబలి, పెరుగన్నం. పొద్దునా సాయంత్రం వేపాకు వేసి కాచి చల్లార్చిన నీళ్లలో పాతచీర పేలిక ముంచి అవ్వ ఒక్కతే నా ముఖాన్ని మెల్లగా అద్దేది. నిన్నటిదాకా నాకు ఆముదం పోసిన నాయన గడప అవతల నిలబడి, రెండు చేతులూ జోడించి, "తల్లీ, జర సల్లగ సూడు" అని నాకే మొక్కాడు. నా ముఖం గిల్లిన అన్న కూడా మొక్కాడు. అన్న మొక్కుతుంటే బాగానే ఉంది. కానీ అమ్మవారు వచ్చిన ఇళ్లు నేను చూశాను. "అవ్వా, నేను చస్తనా?" అని అడిగాను. అవ్వ ముఖం పక్కకు తిప్పుకుని, "రాణులు గింత అల్కగ చస్తరా? కండ్లు మూసుకొని పండుకో" అంది.

అన్నిటికంటే కష్టమైంది చెయ్యి. ఊరికే పైకి పోయేది. "చెయ్యి దించు. అమ్మ కూసున్న చోటది. గోరు తగిలిందంటె కోపమొస్తది" అని అవ్వ ఎక్కడున్నా కనిపెట్టి అనేది. దురద పెడితే వేపరెమ్మతో నిమురుకోమని ఒక రెమ్మ ఇచ్చింది. భయంతో నేను చేతులు రెండూ వీపు కింద పెట్టుకుని పడుకుని, చేసేదేమీ లేక, రాణి పాటలన్నీ మొదటి నుంచి చివరిదాకా పాడుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం పంతులు వచ్చాడు, వేషం సంగతి తేల్చుకుపోదామని. గడపకున్న వేపకొమ్మ చూసి వాకిట్లోనే చెప్పులు విడిచాడు. అవ్వ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. "పంతులూ, వేషం వేరేటోళ్లకిస్తనంటివంట గద. ఇయ్యి. కాకుంటె లోపల అమ్మున్నది, ఒక్క మాట అమ్మనడిగి ఇయ్యి" అంది, తల ఎత్తకుండానే. పంతులు గొంతు మొదటిసారి తగ్గడం నేను మంచం మీద నుంచి విన్నాను. "నేనెందుకిస్తనమ్మా. అమ్మ కూసున్న మొఖం మీదికెల్లి వేషం గుంజుకునేటంత పెద్దోన్ని గాదు. పిల్లగాడు సల్లగుండనీ, రాణివేషం ఆనిదే" అని దండం పెట్టి పోయాడు.

వాపు తీసింది. ఎరుపు పోయింది. ఎవరి చెయ్యీ పడక, ఏ పూతా పడక, మొటిమలు ఒక్కొక్కటే ఎండి అణిగాయి. అవ్వ తలకు నీళ్లు పోసి, వేపకొమ్మ తీసి, నన్ను బయటి వెలుతురులోకి తెచ్చింది. పంతులు గదుమ పట్టి చూశాడు. "వెన్న అయితె కాదు గని సల్ల అనొచ్చు. అర్దళం నిలుస్తది" అన్నాడు. నాకది చాలు.

తీరా ఆట రోజు పొద్దున లేచి బిందెలో నీళ్లలోకి చూస్తే ముక్కుకు ఎడమ పక్కన, సరిగ్గా అందరి కళ్లూ పడే చోట, ఎర్రగా ఒకటి లేచి కూర్చుంది. చెయ్యి పైకి పోయింది కానీ దానంతటదే దిగింది. కూర్చుని ఏడుపు ముఖం పెట్టాను. రాణి రవిక కుట్టి తెచ్చిన ఖాలా నన్ను చూసి, "గింతదానికేనా?" అని తన కుట్టుపెట్టెలోంచి మెరిసే చమ్కీ ఒకటి తీసి, తుమ్మబంకతో సరిగ్గా దాని మీద అంటించింది. పొద్దుగూకాక దివిటీలు వెలిగించి నేను ఆటలోకి దిగితే ఆ ముక్కుపుడక ఊరంతటికీ మెరిసింది. కింద మొటిమ ఎత్తి పట్టింది కదా, నిజం పుడకకంటే అందంగా నిలబడింది. తెలకపల్లి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఆడవాళ్లు అది ఏ అవుసులాయన, అంటే ఏ కంసాలి, చేసిండని మా అమ్మను అడిగారు. అమ్మ ఏం చెప్పాలో తెలియక వనపర్తి పేరు చెప్పింది. నేను పాడుతుంటే మా నాయన పక్కాయన మోచేతి మీద తట్టి, "గా రాణి మా నడిపోడే" అన్నాడట. ఆ మాట నాకు చెప్పింది చెలికత్తె, అంటే బావే.

చాలా ఏళ్లకు, నేను నాగర్‌కర్నూల్‌లో బడిపంతులు పని చేస్తూ సెలవులకు వచ్చినప్పుడు, అవ్వతో కూర్చుని ఆముదపు కాయలు ఒలుస్తూ ఆ ముచ్చట తీశాను. అమ్మవారు వచ్చిపోతే నా ముఖం మీద ఒక్క మచ్చ కూడా ఉండకపోవడం ఏమిటవ్వా అన్నాను. అవ్వ ఒలవడం ఆపి నా వైపు తిరిగింది.

"నా మొఖం సూడు. అమ్మ నిజంగ వచ్చిపోయిన మొఖం గిది. ఒక బిడ్డను ఒడిల పెట్టుకొని సూసిన. మొటిమలేవో, అమ్మేదో నాకు తెల్వదా? ఊరంత నీ మొఖం మీద చెయ్యి పెడ్తుండిరి, నువ్వు గిల్లుకోవడితివి. నేను చెప్తె ఎవరింటరు? అందుకనే, తల్లీ నీ పేరు జర బదులియ్యి, పిల్లగాడు రాణి కావాలె అని అడిగిన. ఇచ్చింది. మళ్ల బోనమెత్తి తీర్చిన."

తన బిడ్డను తీసుకుపోయిన అమ్మవారినే పేరు అప్పు అడగడానికి ఆమెకు మనసెలా ఒప్పిందో నాకు అర్థం కాలేదు. ఆమె ముందున్న కాయలు కూడా నా వైపు లాక్కుని ఒలిచాను.

ఇప్పుడు మా ఇంట్లో గదికో అద్దం ఉంది. మా మనుమరాలు ఈ మధ్య అద్దం ముందు ఎక్కువసేపు నిలబడుతోంది, కాలేజీలో పాట పాడనని మొండికేస్తోంది. నిన్న ఆమె గది తలుపుకు ఒక వేపకొమ్మ కట్టాను. "ఇదేంది తాతా?" అని నవ్వుతూ బయటికొచ్చింది. కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. వింటున్నంతసేపూ ఆమె చెయ్యి ముఖం మీదికి పోలేదు. నా చెయ్యి మాత్రం, గడ్డం గీసుకుంటుంటే, ఇప్పటికీ ముక్కుకు ఎడమ పక్కకు పోతుంది. రాణిగారి పుడక ఉన్న చోటది. చెయ్యి దించమని అవ్వ అన్నట్టవుతుంది, దించేస్తాను.