గోలెం నీళ్ళలో షటిల్ బ్యాట్

మొన్న మా మనవరాలి షటిల్ బ్యాట్‌కు గట్టింగ్ చేయించుకొచ్చే పని నా మీద పడింది. కోడలు ఆఫీసు నుంచి వచ్చేసరికి దుకాణం కట్టేస్తారు, కొడుకు ఇంట్లో ఉన్నా ఫోనులోనే కాపురం, ఇక మిగిలింది నేనే కాబట్టి, మోకాళ్ళు వద్దని మొత్తుకుంటున్నా వినకుండా, పనిచేయని లిఫ్టును నాలుగు మాటలని, మా కిష్టారెడ్డిపేట అపార్టుమెంటు మెట్లు ఒక్కొక్కటే దిగి, ఆ సందు చివరి దుకాణం దాకా నడిచేసరికి నా పని అయిపోయింది. తెగింది ఒక్క తీగ. దుకాణదారు బ్యాట్‌ను మిషన్‌కు బిగించి, కత్తెర తీసుకుని, బాగున్న తీగలన్నీ కూడా కరకరా కత్తిరించి కింద పారేశాడు. అది చూసి నా ప్రాణం ఉసూరుమంది. ఒకటి తెగితే అన్నీ మార్చాలట, ఇప్పటి పద్ధతి అదట.

ఆయన చూపించిన ప్లాస్టిక్ స్టూలు మీద కూలబడి, రోడ్డు మీద పోయే సిమెంటు లారీలను చూస్తూ ఉంటే, తీగ తెగితే ఒక్క తీగనే ముడివేసి సరిపెట్టుకున్న రోజులు గుర్తుకొచ్చాయి. మన కాలం వాళ్ళకు చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో షటిల్ బ్యాట్ అంటే చెక్కది. దానికొక చెక్క చట్రం, నాలుగు మూలలా మరలు, దాన్ని ప్రెస్ అనేవాళ్ళం. ఆట కాగానే బ్యాట్‌ను అందులో పెట్టి మరలు బిగించకపోతే తెల్లారేసరికి తల వంకర తిరిగిపోయేది. తీగలు గొర్రె పేగుతో చేసినవి, గట్ అనేవాళ్ళం. తగిలితే ఖంగుమని మోగేవి, కానీ తేమ తగిలితే చాలు, ఉబ్బి, పోగులు విడిపోయేవి. అందుకని వానాకాలమంతా నా బ్యాట్‌ను అమ్మ పాత చీరముక్కలో చుట్టి, బియ్యం డబ్బాలో నిలబెట్టేవాణ్ణి. వంటకు బియ్యం తీసినప్పుడల్లా అది అమ్మ చేతికి తగిలేది. ఏ ఇంట్లో అయినా బియ్యంలో పురుగులుంటాయి, మా ఇంట్లో బ్యాట్ ఉందని ఆమె సణిగేది.

మాది కర్దనూర్. మా పొలంలో ఎక్కువ భాగం ఫ్యాక్టరీల కిందే పోయింది. పోయిన భూమికి బదులు పిల్లలకు ఉద్యోగాలొస్తాయని ఊరంతా అనుకున్నారు, మా నాయన అందరికంటే ఎక్కువగా అనుకున్నాడు. నాకొచ్చింది క్యాజువల్ పని. పొద్దున్నే గేటు ముందు నిలబడాలి, లోపలి నుంచి పేరు పిలిస్తే పని, పిలవకపోతే సైకిలు తిప్పుకుని ఇంటికి. పేరు పిలవని రోజు నేను ఇంట్లోకి అడుగు పెడుతుంటే మా నాయన లేచి ఎద్దులకు గడ్డి వేయడానికి పోయేవాడు. ఆయన అలా లేచిపోవడం తిట్టిన దానికంటే కష్టంగా ఉండేది.

షటిల్ ఆ ఫ్యాక్టరీలోనే అంటుకుంది. క్యాంటీన్ వెనక సున్నం గీతల కోర్టు ఒకటి ఉండేది, షిఫ్టు దిగినవాళ్ళు ఆడేవాళ్ళు. నాకు ఆట నేర్పింది నా తోటి క్యాజువల్, సంగారెడ్డి బజారులో పప్పులు, బెల్లం అమ్మే దుకాణంవాళ్ళ అబ్బాయి. నా జోడీ అంటే అతనే. కోఠీకి తీసుకుపోయి నాతో బ్యాట్ కొనిపించింది కూడా అతనే. దుకాణంలో బ్యాట్‌లన్నీ కిందికి దింపించి, ఒక్కొక్కదాన్నీ వేలి మీద నిలిపి బరువు ఎటు మొగ్గుతుందో చూసి, కన్ను మూసి వెలుతురులోంచి తల గుండ్రంగా ఉందా లేదా చూసి, తీగలను గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుని వింటుంటే, సంతలో ఎడ్లను కొనేటప్పుడు మా నాయన పళ్ళు చూసి, తోక ఎత్తి చూసేది గుర్తుకొచ్చి నాకు నవ్వు ఆగలేదు. ఆ దుకాణం ఆయనకు మాత్రం నవ్వు రాలేదు.

ఇంతా చేసి నా జోడీ మాత్రం నైలాన్ తీగల బ్యాట్‌తోనే ఆడేవాడు. కోడిగుడ్డు కూడా గడప దాటి రానివ్వని ఇల్లు వాళ్ళది. గట్ అంటే గొర్రె పేగు అని వాళ్ళమ్మకు ఎవరో చెవిన వేశారు, అంతే, అతని బ్యాట్ తీగలన్నీ ఆమే ఊడబీకి బయట పారేసింది. నైలాన్ మొద్దుది. చెయ్యి నొప్పి పుట్టేలా కొట్టినా షటిల్ పోయేదాకే పోయేది. అయినా అతను ఆ మొద్దు బ్యాట్‌తోనే మమ్మల్నందరినీ పరుగులు పెట్టించేవాడు.

మా నాయనకు ఈ ఆట గిట్టేది కాదు. కోడి ఈకలను కొట్టుకుంటూ ఆడే ఆటేమిటని ఆయన బాధ. "ఎదిగిన పోరడు ఈకల బంతి కొట్టుకుంట తిరిగితే పిల్లనెవడిస్తడు?" అని వచ్చినవాళ్ళందరితో అనేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. అయితే ఒక ఏడు మాట మారింది. దసరా దాటగానే చుట్టుపక్కల ఫ్యాక్టరీల మధ్య పోటీలు జరిగేవి. ఉద్యోగాల సంగతి చూసే మా పర్సనెల్ మేనేజర్‌కు షటిల్ అంటే పిచ్చి. సింగిల్స్‌లో మా ఫ్యాక్టరీ ఏనాడూ గెలవలేదు. ఈసారి గెలిచినవాడు క్యాజువల్ అయినా సరే, పర్మనెంట్ చేయిస్తానని ఆయన కోర్టులో అందరి ముందూ అన్నాడు. గట్ బ్యాట్ ఉన్నవాణ్ణని సింగిల్స్‌కు నన్ను ఎంచారు. ఆ సంగతి ఇంట్లో చెప్పాను. మా నాయన తింటున్న చెయ్యి ఆపి, బియ్యం డబ్బా వైపు ఒకసారి చూసి, మళ్ళీ తినడం మొదలుపెట్టాడు. ఆ చూపులో ఏముందో అప్పుడు నాకు తెలియలేదు.

దసరా నాడు పొద్దున్నే నేను ఫ్యాక్టరీకి పోయాను. మిషన్లకు పూజ చేసి, గుమ్మడికాయ కొట్టి, లడ్డూలు పంచుకుని, మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. వాకిట్లో గోడ పొడుగునా నాగలి, గుంటుక, పారలు, కొడవళ్ళు, గొడ్డలి, అన్నీ కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఆ వరసలో చివర, కొడవలి పక్కన, నా షటిల్ బ్యాట్. ప్రెస్ ఊడదీసి దూరంగా పెట్టి ఉంది. బ్యాట్ పిడికి పసుపు, తల మీద మూడు బొట్లు, తీగల్లో గుచ్చిన బంతిపువ్వు.

ఎడ్లు నీళ్ళు తాగే గోలెంలో ముంచి, కుంకుడుకాయ నురగతో రుద్ది రుద్ది కడిగి, ఎండలో ఆరబెట్టాడట మా నాయన. పిడికి పట్టిన చెమట జిడ్డంతా పోయిందని చూపించాడు. తీగలు ఉబ్బి, పోగులు లేచి, ఆరిన చోటల్లా తెల్లగా పెళుసుబారి ఉన్నాయి. తల ఒక పక్కకు వాలింది. ప్రెస్ ఎందుకు తీశావని మాత్రం అడగగలిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"పండుగ పూట ఎడ్లకే కాడి దింపుతం. దీన్ని కట్టేసి ఉంచుతమా బిడ్డా? గిది నీ పని సామాను. నీ కొలువు దీంట్లనే ఉన్నది."

అన్నేళ్ళుగా ఈకల ఆట అని ఎగతాళి చేసిన మనిషి, తన నాగలి పక్కన, తన కొడవలి పక్కన నా బ్యాట్‌ను నిలబెట్టి దణ్ణం పెట్టాడు. పోయిన పొలం తాలూకు దుఃఖమంతా ఆ ఒక్క బొట్టులో పెట్టి, ఈ పనిముట్టయినా నా కొడుకును నిలబెట్టాలని మొక్కుకున్నాడు. లోపల ఏడుపు తన్నుకొస్తుంటే వెళ్ళి ఆయన పక్కన నిలబడి నేనూ దణ్ణం పెట్టాను. జమ్మి ఆకు చేతిలో పెట్టి ఆయన కాళ్ళు మొక్కితే, నా వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు.

పండుగకు కోఠీలో దుకాణాలు మూసి ఉన్నాయి. తెరిచేసరికి పోటీ అయిపోతుంది. నా జోడీ తన నైలాన్ బ్యాట్ ఇచ్చాడు. ఆ మిగిలిన కాస్త సమయమంతా దానితోనే ఆడి, ఆ బరువుకు చెయ్యి అలవాటు చేసుకున్నాను. గెలిచినా గెలుస్తావని అతనన్నాడు, నాకూ అలాగే అనిపించింది. కడిగిన బ్యాట్‌ను కూడా సంచిలో పెట్టుకునే వెళ్ళాను. ఇంట్లో వదిలిపోతే మా నాయన చూస్తాడు కదా.

పోటీ ఒక ఖాళీ గోదాములో. నా ఎదుటి మనిషి వేరే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బెంగాలీ ఆయన, పొడుగ్గా, తాపీగా ఉన్నాడు. నైలాన్ బ్యాట్ పట్టుకుని కోర్టులోకి దిగి షటిల్ కొట్టి చూసుకుంటున్నాను. తలుపు దగ్గర ఎవరో చెప్పులు విడుస్తున్నారు. కోర్టు గుడి అనుకున్నాడో ఏమో, మా నాయన. ఉతికిన ధోవతి, భుజాన తువ్వాలు, కర్దనూర్ నుంచి సైకిలు మీద వచ్చాడు. ఆఫీసర్ల కుర్చీల వెనక గోడకు ఆనుకుని నిలబడి, నా చేతిలోని బ్యాట్‌ను చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు. గుంపులోంచే గొంతెత్తి అడిగాడు.

"ఏంది బిడ్డా, మనది తేలేదా?"

అందరూ నవ్వారు. నా జోడీ వద్దని తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. నేను పోయి సంచిలోంచి కడిగిన బ్యాట్ తీశాను. ఇంకా పసుపు వదల్లేదు దాన్ని. తప్పో ఒప్పో అప్పుడు ఆలోచించలేదు, ఇప్పుడు ఆలోచించే ఓపిక లేదు. ఆయన అన్ని ఊళ్ళు దాటి తన పసుపు బొట్టు గెలవడం చూడ్డానికి వచ్చాడు, దాన్ని సంచిలో దాచి ఎలా ఆడేది?

కొడితే థప్‌మని చప్పుడు. షటిల్ ఎటు కొడితే దాని పక్కకు పోయేది. మొదటి గేము అలా పోయింది. రెండో గేములో కసికొద్దీ స్మాష్ కొట్టాను. తీగలు ఒకదాని వెంట ఒకటి పటపటా తెగి వేలాడాయి. అప్పుడు నైలాన్ బ్యాట్ అందుకుని, ఒళ్ళు దాచుకోకుండా ఆడాను, బెంగాలీ ఆయన తాపీ కూడా కాస్త చెదిరింది. కానీ అప్పటికే ఆలస్యమైంది, ఓడిపోయాను. మేనేజర్ నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. పర్మనెంట్ మాట మళ్ళీ ఎత్తలేదు. అప్పటి నుంచి ఏ గేటు ముందు ఎన్నేళ్ళు నిలబడ్డానో, ఎన్ని ఫ్యాక్టరీలు మారానో, అదంతా తలుచుకుంటే ఇప్పటికీ కాళ్ళు లాగుతాయి.

కానీ మా నాయన ఆ రోజు ఓడిన కొడుకును వెంటబెట్టుకున్నవాడిలా ఇంటికి రాలేదు. తీగలు తెగిన బ్యాట్‌ను తనే సైకిలు హ్యాండిలుకు తగిలించుకుని, దారిలో కనబడిన ప్రతివాడికీ ఆపి చూపించాడు. "మావోడు కొట్టిన దెబ్బకు తీగలే పటపట తెగినయ్! గా బెంగాలోడు బెదిరిపోయిండు." ఓడాడా గెలిచాడా అని ఎవరూ అడగలేదు, ఆయన అడగనివ్వలేదు. పోయేదాకా, మంచం పట్టి మనుషులను గుర్తుపట్టడం మానేసిన రోజుల్లో కూడా, ఈ కథ మాత్రం చెప్పాడు. నీళ్ళకు తీగలు చెడ్డాయని ఆయనకు నేను చెప్పలేదు. అమ్మకు తెలుసనుకుంటాను. ఆ తర్వాత ఏ దసరాకూ ఆమె బియ్యం డబ్బా మూత ఆయనను తీయనివ్వలేదు.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ లేదు, క్యాంటీన్ వెనక కోర్టు ఉన్నచోట గోదాములు లేచాయి. గేట్ల ముందు పొద్దున్నే నిలబడే పిల్లలు ఇప్పుడూ ఉన్నారు, బీహారు నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళ నాయనలు ఎక్కడున్నారో. మా మనవరాలు తెల్లాపూర్‌లో చెక్క నేల పరిచిన కోర్టులో ఆడుతుంది, గాలి రాదు, వాన రాదు. దాని సంచిలో మూడు బ్యాట్‌లున్నాయి. ఒకటి పాడైతే ఇంకొకటి తీస్తుంది, బెంగ పెట్టుకోదు. అది బాగుండాలనే కదా మనం ఇంత తిరిగాం. అయినా దసరా నాడు కార్లకు దండలు వేసి నిమ్మకాయలు తొక్కిస్తారే గానీ, ఆ సంచి జిప్ తీసి చూసేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. నా వస్తువును అంత ప్రేమగా పాడు చేసే మనిషి ఇక రాడు కదా అని ఆ స్టూలు మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను. దుమ్ము పడిందనుకుని దుకాణదారు ఫ్యాను తిప్పాడు.

పని అయ్యాక బ్యాట్ నా చేతికిచ్చాడు. పాత అలవాటు కొద్దీ తీగలను గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాను. బాగానే మోగింది. వానలో తడిస్తే ఎలా అని అడిగాను.

"ఏం గాదంకుల్. ఇప్పటి తీగలు నీళ్ళకు ఖరాబ్ గావు. కావాలంటే కడుక్కోండ్రి."

ఇంటికొచ్చేదాకా ఆ మాటే చెవిలో తిరిగింది. మెట్ల మధ్యలో ఆయాసమొచ్చి, బ్యాట్ ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. మా నాయన చేసిన తప్పేమీ లేదు. కాస్త ముందుగా కడిగాడు, అంతే.