గినీ పందుల చెవులూ, నా చెవులూ

ఆ కాలంలో మాకు మందంటే దైవంతో సమానం. అది ఒంట్లో ఇంకేం చేస్తుందని ఎవరూ అడిగేవారు కాదు. అడిగే ఉద్యోగం నాది కావడమే నా ఖర్మ. ఎనభైల మొదట్లో తిరుపతిలోని ఒక ప్రయోగశాలలో కొన్ని గినీ పందులకు రోజూ స్ట్రెప్టోమైసిన్ సూది, మిగతావాటికి ఉత్త ఉప్పునీళ్ల సూది వేసి, బోను వెనక నుంచి సన్నని కీచు విజిల్ ఊదేవాణ్ణి. వినపడితే వాటి చెవి తటుక్కున కదులుతుంది. కదలకపోతే మందు వినికిడిని తినేసిందన్నమాట. వాటి మీద జాలితోనే నేనా పని వదిలేశానని మా పిల్లలు గొప్పగా చెప్పుకుంటారు. (నేనూ ఇన్నాళ్లూ కాదనలేదు.) అది జాలి కాదు, భయం.

ఎందుకంటే అదే మందు నాకూ వేస్తున్నారు, క్షయకు. మానేస్తే ఊపిరితిత్తులు పోతాయి, మానకపోతే చెవులు. బోనులో ఒక్కో చెవీ కదలడం మానేసేకొద్దీ నా చెవులను నేనే పరీక్షించుకునేవాణ్ణి. హోటల్లో సర్వరును నా వెనక నిలబడి టిఫిన్ల పేర్లు మెల్లగా చెప్పమంటే, "ఏం సామీ, దోశ గూడా రహస్యమా?" అన్నాడు.

ఒక ఉదయం విజిల్ ఊదితే ఒక్క చెవీ కదల్లేదు. అంతకంటే ఘోరం, నాకూ ఏమీ వినపడలేదు. ఈ మందు మొదట మింగేది సన్నని శబ్దాలనే అని నాకు తెలుసు. అక్కడే కూలబడ్డాను. అప్పుడే మా సీనియర్, మేం చిత్తూరన్న అని పిలిచే ఆయన, లోపలికొచ్చాడు.

"ఏమప్పా, పొద్దున్నే మొగం అట్ల పెట్టినావు?"

"నా చెవులు పోయినాయన్నా. ఇంక సూది యేపించుకోను. సస్తే సస్తాను."

"మరి నేనడిగింది ఎట్ల ఇన్నావు?"

"లావు శబ్దాలు కడాన పోతాయన్నా. విజిల్ ఊదినా. నాకూ ఇనపళ్ళా, వాటికీ ఇనపళ్ళా."

"ఉప్పునీళ్ల వాటిక్కూడానా?"

"వాటిక్కూడా."

"ఉప్పునీళ్లకు చెవుడొచ్చేటట్టుంటే సముద్రం పక్క ఊళ్లన్నీ చెవిటోళ్లే గదబ్బా! ఆ విజిలిట్లియ్యి."

బల్లకేసి తట్టాడు. నానిన గడ్డిపోచ ఒకటి బయటపడింది. ఊదితే కీచుమంది. ఉప్పునీళ్ల పందుల చెవులన్నీ ఒక్కసారిగా అదిరాయి. ప్రాణం లేచొచ్చి నేను పిచ్చివాడిలా పగలబడి నవ్వాను. మందు ఎక్కినవి మాత్రం తల తిప్పలేదు. నింపాదిగా గడ్డి నములుతూనే ఉన్నాయి. ఎవరి ముందు నవ్వుతున్నానో ఆ రోజు నాకు తట్టనేలేదు.

సూదులు పూర్తి చేశాను. ఇంకోసారి అంత భయపడే ఓపిక లేక ఆ పని వదిలేశాను. జబ్బు తగ్గింది, చెవులు మిగిలాయి. విజిల్ పట్టుకుని కూలబడిన ఆనాటి నన్ను, ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కానీ అంత గట్టిగా రాదు.