మగ్గం ఎవరి పేరున?

ఇవాళ మా ప్లీడరుగారి ఆఫీసుకి మంగళగిరి నుంచి వీరమ్మ, కోటయ్య వచ్చారు. పెళ్లి లేకుండానే పన్నెండేళ్లు కలిసి బతికి, ఇప్పుడు విడిపోతున్నారు. నేత తప్ప వేరే పని తెలియని వీరమ్మకి ఒకటే భయం, మగ్గం అతనికి పోతుందేమోనని.

"తాళి లేకుండా భార్యగా హక్కు అడగటం కష్టమమ్మా" అన్నారు ప్లీడరుగారు. ఆమె మొహం వాడిపోయింది. గుమాస్తాని, నోరు మూసుకోవాల్సింది. ఆగలేక "మగ్గం ఎవరి పేరున ఉందమ్మా?" అన్నాను.

సంచిలోంచి చేనేత సొసైటీ పుస్తకం తీసింది. మగ్గం, మెంబర్‌షిప్పు రెండూ ఆమె పేరునే!

"ఇదేందయ్యా కోటయ్యా?" అన్నారు ప్లీడరుగారు.

"మెంబరు సంతకం పెట్టాలన్నారండీ. నలుగురిలో వేలిముద్ర వెయ్యాలంటే నామోషీ. దానికి సంతకం వచ్చుగా, దాని పేరే రాయించా."

"అయితే మగ్గం ఆమెదే" అని ప్లీడరుగారు నవ్వేశారు. వీరమ్మతో పాటు నేనూ ఊపిరి పీల్చుకున్నాను. కోటయ్య కూడా పేచీ పెట్టలేదు. "అది నేస్తేనే చీర చీరలా ఉంటది లెండి" అన్నాడు.

మగ్గం మీద కోటయ్యకి హక్కు లేదని కాగితం రాసిచ్చాను. ఇన్నేళ్లు తప్పించుకున్న వేలిముద్ర, గోడ వైపు తిరిగి మరీ వేశాడు.

మీ ఇళ్లలో ఎవరి నామోషీ ఎవరికి మేలు చేసిందో కాస్త చెబుదురూ.