బాలేష్ ఏరిన సెట్లు

బాలేష్‌ను ఎన్నడూ ఎవ్వరూ ఏదీ అడగలే. ఇబ్రహీంపట్నంల ముదిరాజుల ఇంట్ల పుట్టిండు. పెద్దచెరువుల నీళ్లున్నన్ని ఏండ్లు తండ్రి ఎంట చేపలు పట్టిండు, చెరువు ఎండినంక కూలి అడ్డ మీద నిలవడ్డడు. పిలిచినోని ఎంట పోవుడు, మొయ్యమన్నది మోసుడు, ఇచ్చింది తీసుకునుడు. నలభై రెండేండ్లు నిండిన మనిషిని ‘నీకేమనిపిస్తున్నదయా’ అని ఒక్కడన్న అడగలేదంటే అది ఎసుంటి బతుకో మీరే చూసుకోండ్రి. అందుకే ఒకనాడు ఇంజినీరు అడిగేసరికి ఆయనకు కాళ్లు నేల మీద ఆగలే. నా కోపమంతా ఆనాటి మీదనే.

సాగర్ రోడ్డు పక్కన పన్నెండంతస్తుల అపార్ట్‌మెంటు కడుతున్నరు. భూమి లోపలికి రెండు సెల్లార్లు, ఒకదాని కింద ఒకటి. బాలేష్ అండ్ల సిగ్నల్ మనిషి. క్రేన్ నడిపే పరమేశ్వర్ ఆకాశంల పెట్టెల కూసుంటడు, ఆయనకు కింద ఏమున్నదో కనవడది. బాలేష్ గుంత అంచుకు నిలవడి దించుమంటే దించుతడు, ఆపుమంటే ఆపుతడు. సరుకు దిగే అడుగున బాలేష్ తమ్ముడు ఐలేష్ ఉంటడు. బరువు ఎట్లొస్తున్నదో చూసి చెప్పుడు, దిగినంక కొక్కెం ఊడదీసుడు ఆయన పని. అన్నదమ్ముల నడుమ, మొదటి సెల్లార్ కాడ, మాట అందిచ్చేటందుకు ఇంకో మనిషి ఉండేది. కింది కేక పైకి, పై కేక కిందికి. పొద్దుగూకే సరికి ఆయన గొంతు పోయేది.

ఇట్ల కాదని వాకీటాకీలు కొననీకి తయారైండ్రు. ఇంజినీరు సుశాంత్ వాళ్లది కోస్తా దిక్కు, వచ్చి హయత్‌నగర్‌ల స్థిరపడ్డరు, మాట మెత్తన. రెండు తీర్ల సెట్లు తెచ్చి బాలేష్ చేతుల పెట్టిండు.

“వాడేది మీరు కదా బాలేష్ గారూ. రెండు రోజులు వాడి చూసి, ఏవి కొనమంటారో మీరే చెప్పండి” అన్నడు.

ఒకటి పొడుగు యాంటెనాది, ఇంకోటి పొట్టిది. మనోడు ఏం జేసిండు? చేపలు పట్టేటోళ్ల ఇంట్ల పుట్టినోడు ఏం జేస్తడో అదే జేసిండు. ఆ ఏడు వానలకు చెరువు మళ్ల నిండింది, తెల్లారంగనే తమ్మున్ని తీస్కొని కట్ట మీదికి పోయిండు. ఆ ఇంట్ల దూరమంటే నీళ్ల మీది దూరమే. ఎవని గొంతుల ఎంత బలమున్నదో కట్ట మీద నిలవడి తెప్ప మీదోన్ని పిలిచి చూసుకునుడు వాళ్లకు తాతల నాటి సంది అలవాటు. ఐలేష్ థర్మకోల్ తెప్పేసుకొని నడి చెరువుకు పోయిండు. పొట్టి సెట్టు అక్కడికే గరగరమన్నది. పొడుగుదైతే, ఐలేష్ అవతలి ఒడ్డుకు ముట్టినా, ‘అన్నా, ఇనవడుతున్నదా’ అన్న మాట చెవుల చెప్పినట్టు వచ్చింది. కట్ట మీద ఒక్కడే ఉండి బాలేష్ నవ్వుకున్నడు.

పొడుగువే కొనుండ్రని చెప్పిండు పోయి. “సెల్లార్‌లో కూడా ఒకసారి చూస్తే బాగుంటుందేమో” అన్నడు సుశాంత్.

“రెండు కిలోమీటర్లు పోయింది సార్. ముప్పై అడుగుల కిందికి పోదా?” అన్నడు బాలేష్.

సుశాంత్ నవ్వి సరే అన్నడు. చదువుకున్నోడు, ఆయనన్న జర ఆలోచన చెయ్యొద్దా? నీళ్ల మీద మాటకు అడ్డమేం లేదు, సిమెంటు గోడల నడుమ సంగతి ఏరే అని ఆయనకన్న తట్టొద్దా? తట్టలే. పొడుగు సెట్లే వచ్చినయ్, అన్నదమ్ములకు చెరొకటి, పైన పరమేశ్వర్‌కు ఒకటి. మాట అందిచ్చే మనిషిని ఇంకో పనికి పంపిండ్రు. అది కూడా బాలేషే అన్నడు, సెట్లుండంగ ఆయనెందుకు సార్ అని. ఒక్కపారి అడిగిండ్రని అన్నిటికీ తానే చెప్పవట్టిండు.

మొదటి నెల మంచిగనే నడిచినయ్. సెల్లార్ల మీద ఇంకా స్లాబులు పడలేదాయె, కింది నుంచి చూస్తే మొగులు కనవడేది. అన్నదమ్ములు ఒక కట్టడి పెట్టుకున్నరు. బరువు దిగుతున్నంతసేపు ఐలేష్ ‘దించు, దించు, దించు’ అంటనే ఉండాలె. మాట ఆగిందంటే బాలేష్ క్రేన్ ఆపియ్యాలె.

తర్వాత స్లాబులు పడ్డయ్. సరుకు దింపనీకి నడుమ ఒక్క సందు ఇడిచిండ్రు. అప్పటి సంది మాట తెగుడు షురువైంది. సగం మాట వచ్చేది, సగం రాకపోయేది, ఒక్కోపారి ఉత్త గరగరనే. మాట తెగినప్పుడల్లా బాలేష్ క్రేన్ ఆపిచ్చిండు. రోజుకు ఇరవై పార్లు, ముప్పై పార్లు. సూపర్‌వైజర్ జైపాల్ పదిమందిల మొత్తుకున్నడు, “ఏం సిగ్నల్ మనిషివయా నువ్వు? గడియకోపారి ఆపితే పనెప్పుడైతది?”

అప్పుడన్న చెప్పాలె గద. సెట్లు కిందికి పనిజేస్తలేవు సార్, నేను తప్పు ఏరిన, అని ఒక్క మాట. నోట్లెకెళ్లి రాలే. బతుకుల ఒక్కపారి అడిగిండ్రు, అది కూడా ఖరాబు జేసినని ఏ మొఖం పెట్టుకొని చెప్తడు? చెప్పకుండ ఏం జేసిండంటే, కట్టడి మార్చుకున్నడు. మాట తెగినా దింపుడే, ‘ఆపు’ అని ఇనవడితేనే ఆపుడు. ఈ మార్చిన సంగతి తమ్మునికి చెప్పలే. చెప్తే సెట్ల సంగతి కూడా చెప్పాలె గద.

మంగళారం నాడు పగటీలి ఇనుప రాడ్ల కట్ట దిగుతున్నది. ‘దించు, దించు’ అన్నడు ఐలేష్. ఆ ఎన్క గరగర. బాలేష్ ఆపలే. దించు, ఇంకా దించు అని తనే పరమేశ్వర్‌కు చెప్పుకుంట పోయిండు. కింద ధన్‌మన్నది. ఆ సప్పుడు సెట్ల రాలే, చెవులకే వచ్చింది.

“ఆపు” అని మొత్తుకున్నడు. క్రేన్ ఆగింది. “తమ్మీ” అన్నడు సెట్ల. గరగర. “ఐలేషూ, పలుకురా.” గరగరనే.

ర్యాంపు మీదికెళ్లి కిందికి ఉరికిండు. కట్ట కొస ఒక పైపుకు తట్టుకొని ఒరిగి, తమ్ముని నడుము కింద, కాళ్ల మీద పడున్నది. ఐలేష్‌కు తెలివున్నది. సెట్టు ఇంకా చేతులనే ఉన్నది. నలుగురు కూలీలు ఉరికొచ్చి పట్టిండ్రు గని అది మనుషులతోని లేస్తదా? ఇడిస్తే ఇంకింత ఒరుగుతదని వాళ్లు చేతులు తియ్యలే. క్రేన్ లేపాలె. బాలేష్ సెట్టు నొక్కి “లేపు పరమేశన్నా, మెల్లగ లేపు” అన్నడు. మాట పోలే. పైకి ఉరికిండు. ర్యాంపు మలుపు కాడ మాట పరమేశ్వర్‌కు ముట్టింది, తాడు కదిలింది, కింద ఐలేష్ గావుకేక పెట్టిండు. ఆపుమని చెప్పి కిందికి ఉరికొస్తే కట్ట పక్కకు జరిగి తమ్ముని మీదికి ఇంకింత వచ్చింది.

పైనుంటే మాట పోతది, తమ్ముడు కనవడడు. కిందుంటే తమ్ముడు కనవడుతడు, మాట పోదు. నాలుగుపార్లు ఎక్కిండు, నాలుగుపార్లు దిగిండు. ఏడుస్తున్నడన్న సోయి కూడా లేదు. దేవుడా, నా కాళ్లు తీస్కో అనుకుంట ఎక్కుతున్నడు, దిగుతున్నడు. ఐదోపారి ఎక్కంగ ఐలేష్ పెండ్లాం నర్మద మలుపు కాడ ఎదురొచ్చింది. పై సెల్లార్‌ల ఇసుక మోస్తదామె, ఎవరో చెప్పంగ తట్ట ఇసిరికొట్టి వచ్చింది.

బాలేష్ సెట్టు ఆమె చేతుల పెట్టిండు. “నువ్వు ఈడ్నే నిలవడు. నేను కింది నుంచి ఏం కేకేస్తే అది ఈ సెట్ల చెప్పు.”

“నేను ఆయన్ను చూస్త బావా.”

“చూడొస్తే మాట పోదమ్మా. కదలకు, నీ కాళ్లు మొక్కుత.”

ఆమె గోడ దిక్కు మొఖం పెట్టి నిలవడ్డది. లేపుమంటున్నడు, ఆపుమంటున్నడు, జర ఎడమకంటున్నడు, అని బావ చెప్పిన మాట చెప్పినట్టు చెప్పింది. మొగుని ఏడుపు ఎన్కకెళ్లి ఇనవడుతనే ఉన్నది, ఆమె మళ్లి చూడలే. కట్ట లేచింది. మాట అందిచ్చే మనిషి దినాం కూలికి నిలవడి చేసిన పని అది. ఆ మనిషి వద్దని చెప్పిన నోరే ఇప్పుడు కింద నిలవడి కేకలేస్తున్నది.

పట్నం దవాఖానల ఐలేష్‌కు ఎడమకాలు మోకాలు మీదికి తీసేసిండ్రు. కుడిది ఉంటదో ఉండదో చెప్తలేరు. బాలేష్ మూడు దినాలు వరండల మెట్ల మీదనే కూసున్నడు, ముద్ద ముట్టలే. తప్పంతా క్రేన్ నడిపినాయనదే అని సైట్ల అనుకుంటున్నరంట, పరమేశ్వర్‌ను పని నుంచి తీసేసిండ్రంట. మూడోనాడు ఐలేష్ మాట్లాడిండు.

“పరమేశన్న ఆపకపోతే నువ్వేం జేస్తవన్నా. ఆపు, ఆపు అని నేను ఎన్నిపార్లంటినో. నువ్వు ఆయనకు చెప్పే ఉంటవ్.”

ఊకుంటే అయిపోతుండె. కాదని చెప్పేటోడు ఇంకొకడు లేడు. బాలేష్ మంచం పట్టీ పట్టుకున్నడు.

“ఆయన తప్పేం లేదు తమ్మీ. నీ మాట నాకు రాలే. స్లాబు పడ్డప్పటి సంది సరిగ్గ వస్తలేదు. నాకు ఎరుకనే.”



“ఎరుకైతే నాకొక్క మాట చెప్పకపోతివన్నా” అన్నడు ఐలేష్. “కట్ట ఒరుగుడు నేను చూసిన. ఉరుకుదామనుకున్న. నువ్వు ఇంటున్నవ్, ఆపుతవ్ అని ఆడ్నే నిలవడ్డ.”